మూడో గడి

పరిశోధన చేసేవాళ్ళకు ఒక సుఖం ఉంది. ఎవరి బాధనైనా అంకెల్లోకి మార్చేసి చేతులు దులుపుకోవచ్చు. నర్సమ్మ ఆ సుఖం కోసం ఈ దారిలోకి రాలేదు. పదిహేనేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో మంచాల మధ్య తిరిగిన మనిషి ఆమె. మంచం మీద ఉన్నవాళ్ళ నాడి అందరూ చూస్తారు, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళ మొహం ఎవరూ చూడరు అన్నది ఆమె బెంగ. ఆ బెంగతోనే నలభై దాటాక చదువు సెలవు పెట్టి పీహెచ్‌డీలో చేరింది. "ఈ వయసులో నీకెందుకే ఈ తిప్పలు?" అన్నవాళ్ళకు నవ్వి ఊరుకుంది.

ఆమె పరిశోధనకు మూరెడు పొడుగు పేరొకటి ఉంది గానీ, మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే సంగతి ఇదీ: ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్ళు ఎంత నలిగిపోతున్నారో కొలవడం. కొలవడానికి ఒక కాగితం తయారు చేసింది. ఇరవై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద ఐదు గడులు. అసలు లేదంటే ఒకటి, కొద్దిగా అంటే రెండు, మామూలుగా అంటే మూడు, ఎక్కువగా అంటే నాలుగు, భరించలేనంత అంటే ఐదు. అన్నీ కలిపి డెబ్బై దాటితే ఆ ఇంటికి ఆసుపత్రి తరఫున రోజూ మూడు గంటలు సాయం మనిషి వస్తుంది. రోగికి ఒళ్ళు తుడిచి, తినిపించి, పక్కబట్టలు మార్చి వెళ్తుంది. ఆ మూడు గంటలూ ఇంట్లోవాళ్ళు పడుకోవచ్చు, బజారుకు వెళ్ళవచ్చు, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చోవచ్చు. ఆ ఏర్పాటు కోసం నర్సమ్మ ఎనిమిది నెలలు ఆసుపత్రి కమిటీ చుట్టూ తిరిగింది. చెప్పులరిగేలా తిరిగిందంటే ఉత్త మాట కాదు, ఒక జత నిజంగానే అరిగిపోయింది.

మూడో గడికి 'మధ్యస్థంగా' అని రాయమని డిపార్టుమెంటులో ఒకరిద్దరు చెప్పారు. "నాకు మధ్యస్థంగా ఏడుపొస్తోంది అని ఏ తల్లైనా అంటుందా?" అని నర్సమ్మ కొట్టిపారేసింది. 'మామూలుగా' అని తనే రాసింది. పుస్తకాల మాట తీసి జనం నోట్లో నలిగే మాట పెట్టానని లోపల్లోపల కాస్త గర్వపడింది కూడా. పాపం, ఆ గర్వంలో తప్పేమీ కనిపించలేదు అప్పుడు.

అసలు అధ్యయనానికి రెండు వందల మంది కావాలి. దానికి ముందు పదిమందితో చిన్న అధ్యయనం ఒకటి చేయాలి. కాగితం పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి చేసే దాన్ని పైలట్ అంటారు. పదిహేను రోజుల తర్వాత అదే కాగితం పట్టుకుని అదే పదిమంది దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి, జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడాలి. పదిమందిలోనూ మొదటి విడతలో డెబ్బై దాటినవాళ్ళకు సాయం మనిషిని ఇవ్వడానికి కమిటీ ఒప్పుకుంది. ఇంకో నియమం కూడా ఉంది. పైలట్‌లో ఉన్నవాళ్ళు అసలు అధ్యయనంలోకి రాకూడదు. ఒకసారి ప్రశ్నలు విన్నవాళ్ళ జవాబులు కల్తీ అయిపోతాయని శాస్త్రం చెబుతుంది.

ఇదంతా విన్న అత్తగారికి పైలట్ అన్న మాట ఒక్కటే చెవికెక్కింది. "మా కోడలు పైలట్టు పనిలో ఉంది, నెలాఖరుకి అయిపోతుందట" అని ఎదురింటావిడకు చెప్పింది.

"అయితే మిమ్మల్ని విమానం ఎక్కిస్తుందన్నమాట!"

"విమానం మాట దేవుడెరుగు, నడిచి నడిచి దాని కాళ్ళు వాచిపోతున్నాయి" అంది అత్తగారు.

పదిమందిలో ఏడో నంబరు కాలర్ మాస్టారు. అరిగిపోయిన కాలరును విప్పి, తిరగేసి, కొత్త చొక్కాలా కుట్టివ్వడంలో ఆయనకు పేరు. అందుకే ఆ వీధిలో అందరూ అలా పిలుస్తారు. మూడంతస్తుల పాత భవనంలో కింది గది ఆయనది. గదికి ఒక గోడ వెంట మంచం, మంచానికి ఆనుకుని కుట్టుమిషను. మంచం మీద ఆయన భార్య. మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట మాత్రం మిగిలింది, దానికి తోడు పదును కూడా మిగిలింది. మాస్టారి కాలికి మందపాటి దారం ఒకటి కట్టి ఉంది, రెండో కొస ఆమె కుడిచేతి మణికట్టుకు ఉంది. నర్సమ్మ ఆ దారాన్ని చూసింది. దాని గురించి కాగితంలో ప్రశ్న లేదు గనక అడగలేదు.

"కూర్చోండమ్మా. ఆ స్టూలు ఊగుతుంది, గోడకి ఆనించి కూర్చోండి" అన్నారు మాస్టారు.

"ఇష్టమైతేనే జవాబు చెప్పండి మాస్టారూ. వద్దనుకుంటే లేచి వెళ్ళిపోతాను, ఏమీ అనుకోను."

"అడగండి, అడగండి. మాకు అడిగేవాళ్ళే కరువు."

సాయం మనిషి సంగతి చదివి వినిపించేసరికి మిషను చక్రం మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "రోజూనా?" అన్నారు. మంచం మీంచి ఆమె "ఆడమనిషేనా?" అంది. ఆడమనిషేనని నర్సమ్మ చెప్పింది.

"అయితే రానీ. ఈయన నీళ్ళు పోస్తే సగం నాకు, సగం మంచానికి" అందామె. మాస్టారు నవ్వారు. పళ్ళ మధ్య పట్టుకున్న సూది తీసి చొక్కాకు గుచ్చుకుని, పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"రాత్రిళ్ళు నిద్ర చెడుతోందా?"

"మామూలే."

"నడుము నొప్పి, మెడ నొప్పి?"

"మామూలే."

"బయటికి వెళ్ళడానికి వీల్లేక ఇబ్బంది పడుతున్నారా?"

"మామూలే అమ్మా."

"మనసు విసిగిపోయి ఏడుపొస్తుందా?"

ఆయన మంచం వైపు ఒకసారి చూశారు. "మామూలే" అన్నారు.

పదిహేనో ప్రశ్న దగ్గర నర్సమ్మ తల ఎత్తింది. "అన్నింటికీ మామూలే అంటున్నారు మాస్టారూ. కాస్త ఆలోచించి చెప్పండి."

"ఆలోచించే చెప్తున్నానమ్మా. మీ దగ్గర అబద్ధమెందుకు?"

ఇరవై ప్రశ్నలకు ఇరవై మూడో గడులు. మొత్తం అరవై. గట్టి మనిషి అనుకుంటూ నర్సమ్మ కాగితం మడిచింది. పదిమందిలో ఇద్దరు డెబ్బై దాటారు. ఆ ఇద్దరి ఇళ్ళకూ వారం తిరక్కుండా సాయం మనుషులు వెళ్ళారు. నర్సమ్మకు ఆ రోజు అన్నం సహించింది.

పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళింది. మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "మన సంగతి ఏమైందమ్మా?" అని అడగబోయి, మర్యాద కాదనుకున్నారో ఏమో, "మంచినీళ్ళు తాగుతారా?" అని అడిగారు. నర్సమ్మ కాగితం తీసింది. అవే ప్రశ్నలు, అదే వరస. నిద్ర మామూలే, నడుము మామూలే, బయటికి వెళ్ళడం మామూలే.

"మనసు విసిగిపోయి ఏడుపొస్తుందా?"

"మామూలే."

మంచం మీంచి ఆయన భార్య కల్పించుకుంది. "రోజూ ఏడుస్తాడు. మిషను తొక్కుతూ ఏడుస్తాడు. ఆ చప్పుడులో నాకు వినపడదనుకుంటాడు."

"నేనూ అదే చెప్తున్నాగా" అన్నారు మాస్టారు, కాస్త నొచ్చుకుంటూ. "మామూలే అని."

నర్సమ్మ చేతిలో పెన్ను ఆగింది. మూడో గడిలో టిక్కు సగం పడి ఉంది.

"మామూలే అంటే ఏమిటి మాస్టారూ?"

"మామూలే అంటే... ఏముందమ్మా? రోజూ ఉండేదే అని. కొత్తేమీ కాదని."

నర్సమ్మ కాగితం పక్కన పెట్టేసింది. ఇలా పక్కన పెట్టి అడగకూడదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా అడిగింది. నిద్ర ఎన్ని గంటలు? రెండు, అదీ ముక్కలు ముక్కలుగా. భార్యను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుళ్ళు పడుతుంది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే ఆమె దారం లాగుతుంది, కాలు కదిలి మెలకువ వస్తుంది. పడుకోవడం ఎక్కడ? పడుకోవడమేమిటి, మిషను మీద తల వాల్చడమే. బయటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది? వీధి చివరి దారాల కొట్టు దాటి వెళ్ళి ఏడాది. నడుము? ఆయన లేచి నిలబడి చూపించారు. పూర్తిగా నిలబడలేకపోయారు.

వీధిలోకి వచ్చి, అరుగు మీద కూర్చుని, నర్సమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఏ లెక్కన చూసినా తొంభైకి తగ్గడం లేదు. పదిమందిలోకెల్లా ఎక్కువ నలిగిన మనిషిని తన కాగితం గట్టి మనిషి అని తేల్చింది. తెలుగువాడికి కష్టం పాతబడితే దాని పేరు మామూలు. నీకెలా ఉందని అడిగితే ఇల్లు కూలిపోతున్నా మామూలే అంటాడు. తను పుట్టి పెరిగిందీ ఆ మాటలోనే. తన తల్లి చివరి రోజుల్లో కూడా అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది. అయినా ఆ మాట తీసుకెళ్ళి ఒకటికీ ఐదుకూ మధ్యలో కూర్చోబెట్టింది. ఇంతకు మించిన బుద్ధితక్కువ ఉంటుందా అని తనను తాను తిట్టుకుంది.

మర్నాడు గైడు మేడమ్ దగ్గరికి వెళ్ళింది. గైడు మేడమ్ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పాతికేళ్ళుగా విద్యార్థుల చేత సరైన లెక్కలు చేయిస్తున్న మనిషి. ఆవిడ బల్ల మీద కాగితాలు అంచుకు అంచు కలిసి ఉంటాయి.

"ఏడో నంబరు రెండుసార్లూ అరవైయ్యే. ఇంత నిలకడైన జవాబులు నేనెప్పుడూ చూడలేదు" అన్నారావిడ.

నర్సమ్మ జరిగింది చెప్పింది. మేడమ్ శ్రద్ధగా విన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ మొహం విప్పారింది.

"ఎంత మంచి విషయం బయటపడిందమ్మా! అందుకేగా పైలట్ చేసేది. ఇదే అసలు అధ్యయనంలో జరిగి ఉంటే రెండు వందల కాగితాలూ బూడిదలో పోసినట్టే. మాట మార్చెయ్. మధ్యస్థంగా అని పెట్టు. ఎందుకు మార్చావో మూడో అధ్యాయంలో ఒక పేరా రాయి."

"మరి ఆయన సంగతి మేడమ్?"

"ఏ ఆయన?"

"ఏడో నంబరు."

"ఏడో నంబరు అరవై కదా."

"తొంభై మేడమ్. తప్పు నా కాగితానిది. ఆయనది కాదు."

"నువ్వు కాగితం పక్కన పెట్టి అడిగావు. మార్కులు పెరిగితే సాయం వస్తుందని ఆయనకు తెలుసు, ఆయనకు సాయం రావాలని నీకుంది. అలా వచ్చిన అంకెను ఎవరు నమ్ముతారు? రేపు కమిటీలో నిన్ను నిలబెట్టి అడిగితే ఏం చెప్తావ్?"

"పోనీ, కొత్త కాగితంతో అసలు అధ్యయనంలో చేర్చుకుంటాను. వేరేవాళ్ళ చేత అడిగిస్తాను."

"పైలట్‌లో ఉన్న మనిషిని ఎలా చేరుస్తావు? నియమం రాసింది నువ్వే. మూడో పేజీలో ఉంది, నేను సంతకం కూడా పెట్టాను."

నిజమే, రాసింది తనే. నర్సమ్మ ఊరుకోలేదు, కమిటీకి అర్జీ పెట్టుకుంది. వాళ్ళు నెల తర్వాత జవాబిచ్చారు. ఏడో నంబరు పరిస్థితిని సానుభూతితో పరిశీలించామనీ, అధ్యయనం ముగిశాక, అంటే ఏడాదిన్నర తర్వాత, మిగులు ఉంటే ఆలోచిస్తామనీ అందులో ఉంది. సానుభూతికి మాత్రం ఆ జవాబులో లోటు లేదు, మూడుచోట్ల రాశారు.

ఆసుపత్రి మనిషిని పంపకపోతే తనే వెళ్ళాలనుకుంది నర్సమ్మ. ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. "మాస్టారూ, మీరు పడుకోండి, నేను చూసుకుంటాను" అంది. ఆయన వద్దన్నారు, మీకెందుకమ్మా అన్నారు, ఐదు నిమిషాలు నడుం వాలుస్తాను చాలన్నారు. కాలి దారం విప్పి, మిషను కింద చాప పరుచుకుని పడుకున్నారు. రెండున్నర గంటలు కదల్లేదు. నర్సమ్మ ఆయన భార్యకు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, వీపు చూసింది. వీపు మీద ఒక్క పుండు లేదు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో మూడేళ్ళు మంచం మీద ఉన్న మనిషి వీపు అంత శుభ్రంగా ఉండటం ఆమె చూడలేదు.

"చూడమ్మా, నిద్రపోతే మొహం ఎలా అయిందో. పెళ్ళినాటి మొహం" అంది మాస్టారి భార్య, గొంతు తగ్గించి. "నేను పోతే హాయిగా పడుకుంటాడని ఎన్నిసార్లు అనుకున్నానో. పోవడం మన చేతిలో ఉందా?"

"అలా అనకండి పెద్దమ్మా."

"అనకపోతే మాత్రం ఏముంది? అనుకోవడం మామూలేగా."

నర్సమ్మ దువ్వెన తీసుకుని వెంట్రుకలు ఏరుతూ కూర్చుంది, తలెత్తలేదు.

అలా ఐదు ఆదివారాలు వెళ్ళింది. ప్రతిసారీ బయల్దేరేటప్పుడు మాస్టారు గుమ్మం దాకా వచ్చి "మన కాగితం ఎక్కడిదాకా వచ్చిందమ్మా?" అని అడిగేవారు. "కదులుతోంది మాస్టారూ" అనేది నర్సమ్మ. రాదని చెప్పడానికి నోరు రాలేదు. నా కాగితంలో ఒక మాట తప్పు పడింది, అందువల్ల మీకు రాదు అని ఎవరైనా మొహం మీద ఎలా చెప్తారు? అయినా చెప్పాల్సింది. అది పిరికితనం తప్ప జాలి కాదు.

ఆరో ఆదివారం నాటికి అసలు అధ్యయనం మొదలైంది. రెండు వందల ఇళ్ళు, ఆరు నెలలు. పొద్దున ఊరికి ఒక కొస ఒక ఇల్లు, మధ్యాహ్నం ఇంకో కొస ఇంకొకటి, ఆదివారం కాగితాల మీది అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించడం. వచ్చే వారం వెళ్దామనుకుంది. ఆ వచ్చే వారం కూడా అలాగే అనుకుంది. అత్తగారు ఒకసారి "ఆ దర్జీ వాళ్ళింటికి వెళ్ళడం మానేశావేమే?" అని అడిగితే పని ఒత్తిడి అంది. ఇక్కడ ఆమెను వెనకేసుకురావడానికి ఎవరి దగ్గరా మాటల్లేవు. నలుగురికి మేలు చేయాలని బయల్దేరినవాళ్ళకు ఒక్కడికి చేయడానికి తీరిక ఉండదు.

కొత్త కాగితం మాత్రం చక్కగా పనిచేసింది. మూడో గడిలో మధ్యస్థంగా అని ఉంది. ఎవరైనా మామూలే అంటే నర్సమ్మ ఆగి, "రోజూ ఉండేదే కదా అని అలా అనకండి. మీ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు చూస్తే ఏమంటారో అది చెప్పండి" అనేది. జనం కాసేపు ఆలోచించేవాళ్ళు. కొందరు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేవాళ్ళు. గైడు మేడమ్ ఆ పద్ధతిని మెచ్చుకుని వేరే విద్యార్థులకు కూడా చూపించారు.

నూట పన్నెండో ఇల్లు కాలర్ మాస్టారి భవనంలోనే వచ్చింది, రెండో అంతస్తులో. జాబితా ఆసుపత్రి ఇచ్చింది, నర్సమ్మ ఎంచుకున్నది కాదు. మతి తప్పిన అత్తగారిని చూసుకునే కోడలు ఆమె. ఆ రోజు నర్సమ్మ కింది గది ముందు నుంచి తల వంచుకుని గబగబా మెట్లెక్కేసింది. లోపల మిషను ఆడుతోంది. పైన కోడలు మొదటి ప్రశ్నకు మామూలే అంది. నర్సమ్మ ఆగి, తన మాట తను చెప్పింది. కోడలు ఐదో గడి చూపించింది. మొత్తం డెబ్బై నాలుగు.

వారం తర్వాత సాయం మనిషికి ఇల్లు చూపించడానికి నర్సమ్మే రావాల్సి వచ్చింది. సాయం మనిషికి యాభై ఏళ్ళుంటాయి, ఆసుపత్రి నీలం కోటు వేసుకుని, చేతిలో సంచీ పట్టుకుని ఉంది. పట్టపగలు పదకొండు గంటల వేళ. వీధిలోకి తిరగగానే నర్సమ్మకు మిషను చప్పుడు వినిపించింది. భవనం దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగింది.

మాస్టారు కిటికీలోంచి చూసినట్టున్నారు. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచారు. ఒకప్పటి కంటే వంగిపోయారు, గడ్డం మాసి ఉంది. నీలం కోటు చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏమే, వచ్చారే!" అని లోపలికి కేకేశారు. "చెప్పానా నీకు? ఆలస్యమైనా నర్సమ్మ మాట తప్పదని!" కుర్చీ మీదున్న గుడ్డలన్నీ రెండు చేతులా ఎత్తి మిషను మీద పడేసి, కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచి గుమ్మంలోకి జరిపారు. "రండమ్మా, రండి. ఇల్లు చిందరవందరగా ఉంది, ఏమనుకోకండి."

సాయం మనిషి గడప మీద కాలు పెట్టబోతూ నర్సమ్మ వైపు తిరిగింది. "ఇదేనా అండీ ఇల్లు?"

నర్సమ్మ ఏదో ఒకటి చెప్పాలి. ఇదే అంటే చాలు. ఒక్క మాటతో ఆ ఇంట్లో ఆ రోజుకి మూడు గంటల నిద్ర. సాయం మనిషి చేతిలో ఉన్న చీటీ మీద ఇంటి నంబరు, అంతస్తు, పేషెంటు వయసు, అన్నీ నర్సమ్మ చేతిరాతతోనే ఉన్నాయి.

"కాదు" అంది. "పైన."

మాస్టారు కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. లోపలి నుంచి భార్య "ఎవరూ? ఆడమనిషేనా?" అని అడుగుతోంది.

"మనకి కాదులే. పైవాళ్ళకట" అన్నారు మాస్టారు. నర్సమ్మ వైపు చూసి, తనే ఏదో పొరపాటు చేసినట్టు సిగ్గుపడి నవ్వారు. "పాపం, ఆ పిల్లకీ చాలా కష్టంగా ఉంది. మంచి పని చేశారమ్మా." కుర్చీని దారికి అడ్డం లేకుండా లోపలికి లాక్కున్నారు. "మూడో మెట్టు విరిగింది. చూసుకుని ఎక్కండి."

సాయం మనిషి చూసుకుని ఎక్కింది. ఆమె వెనకాలే నర్సమ్మ ఎక్కింది.